‘ఎంత?’ కన్నా ముందు ‘ఎన్నేళ్లు?’

*ర్యామ్ ధరలకు రెక్కలొచ్చాయి. ఇంట్లో ఉన్న కంప్యూటర్‌కేమో విండోస్ 10 అప్‌డేట్లు ఆగిపోయాయి. ‘ఈ రాత్రికే ఆఖరు’ అంటూ సేల్ ప్రకటనలు ఫోన్లో మోగుతూనే ఉన్నాయి. ఇప్పుడు కొనాలా, ఆగాలా? కొంటే ఏం చూసి కొనాలి?*

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. సీటీసీ అంటే చాలు, ఆటోవాళ్లు ఇంకేమీ అడగరు. శనివారం మధ్యాహ్నం కావడంతో వరండాల్లో అడుగు పెట్టే సందు లేదు. క్యాబినెట్ డబ్బా భుజాన వేసుకుని ఒకరు, పాత ప్రింటర్‌ను చంకన పెట్టుకుని ఇంకొకరు ఒరుసుకుంటూ వెళ్తున్నారు. ఓ కౌంటర్ ముందు కరీంనగర్ నుంచి వచ్చిన తండ్రీకూతుళ్లు నిలబడి ఉన్నారు. అమ్మాయి బీటెక్ మొదటి సంవత్సరం. ఇన్నాళ్లూ కాలేజీ ల్యాబ్‌తో నెట్టుకొచ్చింది, ఇక సొంత ల్యాప్‌టాప్ లేకపోతే నడవదు. తండ్రి చేతిలో నాలుగు మడతల కాగితం, అందులో సీనియర్లు రాసిచ్చిన కాన్ఫిగరేషన్.

“ఐ5 ఉండాలన్నరు, పదహారు జీబీ ఉండాలన్నరు. నలభై అయిదు వేలల్ల వస్తదా?”

“పోయినేడైతే చూపిస్తుంటి అంకుల్. ఇప్పుడు కష్టం. ర్యామ్ రేటు పొద్దున ఒకటుంటే సాయంత్రానికి ఇంకోటి అయితుంది. నిన్న ఇచ్చిన కొటేషన్ ఇయ్యాల నడుస్తలేదు.”

“మరి ఎనిమిది జీబీది తీస్కుంటే?”

“తీస్కోవచ్చు. కానీ ఈ మోడల్ల ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి ఉంటది. తర్వాత పెంచుకుందామంటే కుదరదు.”

అప్పటిదాకా మాట్లాడని అమ్మాయి ముందుకొచ్చింది. “తర్వాత పెంచుకునేటట్టు ఉండేది ఏదన్న చూపియ్యండి అన్నా.”

ఆ పూట ఆ కౌంటర్ దగ్గర విన్న మాటలన్నిట్లోకీ విలువైన మాట అదే. కంప్యూటర్లు విప్పి బిగించడం నేను నేర్చుకున్నది ఈ వరండాల్లోనే. ఇప్పటికీ చుట్టాలు, స్నేహితులు, వాళ్ల పిల్లలు ఏది కొనాలన్నా ఫోన్ చేసి అడుగుతుంటారు. ముందు ధర, ఆ తర్వాత బ్రాండు, ఆపైన రంగు. ఎన్నేళ్లు వస్తుంది, పాడైతే బాగవుతుందా, రేపు పెంచుకోవచ్చా అని అడిగేవాళ్లు చాలా తక్కువ. ధరలు ఇలా మండుతున్నప్పుడు ఆ ప్రశ్నలు ముందుకు రావాలి.

చిప్పుల కరవు ఎక్కడ మొదలైంది?

కంప్యూటర్ మెమరీ అంతటికీ దిక్కు ప్రధానంగా మూడు కంపెనీలు. కొరియాకు చెందిన శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, అమెరికాకు చెందిన మైక్రాన్. వాటి ఫ్యాక్టరీలకు వచ్చే సిలికాన్ వేఫర్ల నుంచి మన ల్యాప్‌టాప్‌లకు పనికొచ్చే డీడీఆర్5 ర్యామ్ చేయొచ్చు. ఏఐ డేటా సెంటర్లకు కావలసిన హెచ్‌బీఎం మెమరీ కూడా చేయొచ్చు. హెచ్‌బీఎంలో లాభం ఎక్కువ. ఒక్కో జీబీకి పట్టే వేఫరూ ఎక్కువే. ప్రపంచమంతా ఏఐ సర్వర్ల కోసం ఎగబడుతుంటే కంపెనీలు అటే మొగ్గాయి. మనలాంటి వాళ్లకు మిగిలింది తగ్గింది. 2025 ద్వితీయార్ధంలో మొదలైన పెరుగుదల కొన్ని నెలల్లోనే ర్యామ్ ధరను రెట్టింపు దాటించింది. అదే ఏడాది డిసెంబరులో మైక్రాన్, సాధారణ కొనుగోలుదారులకు ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు అమ్మే తన ‘క్రూషియల్’ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. పాత ల్యాప్‌టాప్‌కు కొత్త ఊపిరి పోయాలనుకున్న విద్యార్థులు దాదాపు మూడు దశాబ్దాలుగా కొంటూ వచ్చిన పేరది.

ఇది చాలదన్నట్టు విండోస్ 10. 2015 జులైలో వచ్చిన ఈ ఆపరేటింగ్ సిస్టమ్‌కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో ఉచిత మద్దతు ఆపేసింది. విండోస్ 11కు మారదామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి. ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం, ఆ పైది కావాలి. అంటే ఏ రోగమూ లేకుండా పనిచేస్తున్న కంప్యూటర్లు కూడా కాగితం మీద పాతబడిపోయాయి.

విజయవాడలో నాకు తెలిసిన ఓ డీటీపీ సెంటర్ యజమాని ఈ గందరగోళంలోనే చిక్కుకున్నారు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, కాలేజీ రికార్డులు ఆయన జీవనాధారం. అనూ ఫాంట్లు, పేజ్‌మేకర్... ఈ రెండిటి మీదే షాపు నడుస్తుంది. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ వచ్చిందే 2001లో. దానికి ఏడో తరం ఐ3 ఎక్కువే. అయినా “విండోస్ పోయింది, మొత్తం మార్చాలి” అని ఎవరో భయపెడితే అప్పు చేయడానికి సిద్ధమయ్యారు. చివరికి హార్డ్‌డిస్క్ తీసి చిన్న ఎస్‌ఎస్‌డీ వేశాం. భద్రతా అప్‌డేట్లను 2026 అక్టోబరు 13 వరకు పొడిగించే పథకంలో నమోదు చేశాం. ఇంటర్నెట్ అవసరమైన పనులకు పక్కనున్న ల్యాప్‌టాప్ ఉంది. అప్పు తప్పింది. మాఘమాసం ముహూర్తాల పత్రికలు ఆ పాత పెట్టె మీదే తయారయ్యాయి.

కేవలం బ్రౌజింగ్, ఉత్తరాలు, ఆన్‌లైన్ క్లాసులే పని అయితే పాత కంప్యూటర్‌లో ఉబుంటు, లినక్స్ మింట్ లాంటివి ఉచితంగా వేసుకోవచ్చు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ‘స్వేచ్ఛ’ సంస్థ కార్యకర్తలు తెలుగులోనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసి, దాన్ని నేర్పిస్తున్నారు కూడా.

కొనాలా? ఆగాలా?

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఉన్నదానితో పని జరుగుతుంటే ఆగండి. ధర పెరుగుతుందన్న భయం ఒక్కటే కొనడానికి కారణం కాకూడదు. చదువు ఆగిపోతుంది, పని ఆగిపోతుంది అనుకుంటే మాత్రం ఇప్పుడే కొనండి. కాకపోతే రేపు పెంచుకునే వీలున్నది కొనండి. ర్యామ్‌కు రెండు స్లాట్లు ఉండి, ఒకదాంట్లో ఎనిమిది జీబీ పెట్టి, రెండోది ఖాళీగా వదిలిన ల్యాప్‌టాప్ దొరికితే అది మంచి బేరం. ఒక్క స్టిక్కే ఉన్నంతకాలం ప్రాసెసర్‌లో కలిసి వచ్చే గ్రాఫిక్స్ కొంత నెమ్మదిస్తుంది. మొదటి రెండేళ్లు కోడింగ్ నేర్చుకునే విద్యార్థికి అది పెద్ద లోటు కాదు. ధరలు దిగాక రెండో స్టిక్ వేస్తే లోటు తీరుతుంది.

సోల్డర్ చేసిన ర్యామే ఉన్న మోడల్ నచ్చితే, ఆ రోజు కొన్నదే చివరిదాకా అని గుర్తుపెట్టుకోవాలి. అలాంటప్పుడు పదహారుకు తగ్గొద్దు. డబ్బు సరిపోకపోతే ప్రాసెసర్‌లో ఒక మెట్టు దిగండి, మెమరీలో దిగొద్దు. ఐ7, ఎనిమిది జీబీ ల్యాప్‌టాప్ కన్నా ఐ5, పదహారు జీబీ ల్యాప్‌టాప్‌తో నాలుగేళ్ల చదువు హాయిగా గడుస్తుంది.

పెట్టె మీద రాసింది చదవడం నేర్చుకుందాం

కంపెనీలు అబద్ధం రాయవు. కానీ మనకు అర్థమయ్యేలా కూడా రాయవు. రెండు ఉదాహరణలు చూడండి.

ఏఎండీ వారి ‘రైజెన్ 5 7520యూ’. ఏడు వేల సిరీస్ కదా, కొత్తదే అనుకుంటాం. మొదటి అంకె చెప్పేది ఆ మోడల్ ఏ ఏడాదికి చెందిందో మాత్రమే. లోపలి నిర్మాణం ఏ తరానిదో చెప్పేది మూడో అంకె. ఇక్కడ మూడో అంకె 2, అంటే జెన్ 2. అది 2019లో వచ్చిన నిర్మాణం. అదే వరుసలోని ‘7640హెచ్‌ఎస్’లో మూడో అంకె 4, అంటే జెన్ 4. పేర్లు పక్కపక్కనే కనిపిస్తాయి, లోపల మాత్రం రెండు తరాల తేడా ఉంది.

గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ఈ తిరకాసు ఇంకో రకంగా ఉంటుంది. ‘ఆర్‌టీఎక్స్ 4060’ అన్న స్టిక్కర్ రెండు ల్యాప్‌టాప్‌ల మీదా ఒకేలా మెరుస్తుంది. కానీ ఆ గ్రాఫిక్స్ చిప్పుకు ఎంత కరెంటు ఇవ్వాలో తయారీదారే నిర్ణయిస్తాడు. 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఇవ్వొచ్చు. పల్చటి ల్యాప్‌టాప్‌లో తక్కువ వాట్లతో నడిచే 4060, మందంగా ఉండి ఫ్యాన్లు గట్టిగా తిరిగే దాంట్లోని 4060కి సాటిరాదు. ఈ వాట్ల లెక్క కంపెనీ వెబ్‌సైట్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. షాపులో మొహమాటపడకుండా అడగండి. చెప్పలేకపోతే ఆ పూట కొనకండి.

తెర సంగతీ అంతే. ‘ఫుల్ హెచ్‌డీ’ అని పెద్దగా రాస్తారు, ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని మూలన రాస్తారు. ఆ తెర మీద రంగులు వెలిసిపోయినట్టు ఉంటాయి. ఫొటోలు, వీడియోలు, డిజైన్ పని చేసేవాళ్లు ‘100 శాతం ఎస్‌ఆర్‌జీబీ’ అన్నదే చూసుకోవాలి. ప్రోగ్రామింగ్ వరకైతే రంగులకన్నా వెలుతురు, కంటికి హాయి ముఖ్యం.

■ బాక్స్: షాపులో అడగాల్సిన అయిదు ప్రశ్నలు

• ర్యామ్ స్లాట్లు ఎన్ని? ఖాళీగా ఉన్నవి ఎన్ని?
• ఎస్‌ఎస్‌డీ మార్చుకోవచ్చా? ఇంకోటి వేసే చోటుందా?
• బ్యాటరీ విడిగా దొరుకుతుందా? మార్చడానికి ఎంత అవుతుంది?
• సర్వీస్ సెంటర్ మా ఊళ్లో ఉందా, ఇంటికొచ్చి చేస్తారా?
• సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఏ సంవత్సరం వరకు ఇస్తారు?

సేల్ రోజున చల్లని బుర్ర

ఫ్లిప్‌కార్ట్ తొలి ‘బిగ్ బిలియన్ డే’ 2014 అక్టోబరు 6న జరిగింది. ఆనాటి నుంచి దసరా, దీపావళి అంటే బట్టలతోపాటు గ్యాడ్జెట్ల పండగ కూడా అయింది. అందులో తప్పులేదు. నిజంగా ధర తగ్గే వస్తువులు ఉంటాయి. వాటిని పట్టుకోవాలంటే కావలసిన మోడల్ ధరను నెల ముందు నుంచే రాసిపెట్టుకోవాలి. అప్పుడు కొట్టేసిన ‘ఎమ్మార్పీ’ పక్కన కనిపించే శాతాలతో పనిలేదు. మన కాగితం మీదున్న ధరతో పోల్చుకుంటే నిజం తెలుస్తుంది.

‘ఇంకా రెండే మిగిలాయి’, ‘పది నిమిషాల్లో ముగుస్తుంది’ అన్న గడియారాలను నమ్మి పరుగెత్తొద్దు. ఇలా లేని తొందర పుట్టించడం, అడగని బీమాను బుట్టలో చేర్చడం, చివరి మెట్టులో కొత్త ఛార్జీలు చూపించడం... వీటన్నిటినీ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో నిషేధించింది. ఆ మార్గదర్శకాల్లో మొత్తం 13 రకాల మోసపు ఎత్తుగడల జాబితా ఉంది. మీకు ఎదురైతే స్క్రీన్‌షాట్ తీసి 1915కు ఫిర్యాదు చేయండి.

■ బాక్స్: ‘వడ్డీ లేని’ ఈఎంఐలో వడ్డీ ఎంత?

రూ.60,000 ల్యాప్‌టాప్, 12 నెలలు, నెలకు రూ.5,000. చూడ్డానికి పైసా ఎక్కువ లేదు. బ్యాంకు ఏటా 15 శాతం వడ్డీ వేస్తుందనుకుంటే, ఈ వాయిదాల్లో సుమారు రూ.4,600 వడ్డీయే. ఆ మేరకు ముందే ధరలో తగ్గింపు చూపిస్తారు కాబట్టి మనకు తెలియదు. అయితే ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, దాదాపు రూ.830, మన నెత్తినే పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. సున్నా వడ్డీ అన్నదే ఉండదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. డబ్బు చేతిలో ఉంటే, మొత్తం ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారో అడిగి అప్పుడు తేల్చుకోండి.

ఆటల్ని కొంటున్నామా, అద్దెకు తెచ్చుకుంటున్నామా?

నాకు ఆటలంటే ప్రాణం. అందుకే ఈ మాట గట్టిగా చెబుతున్నాను: విడుదలకు ముందే డబ్బు కట్టకండి. 2020 డిసెంబరులో వచ్చిన ‘సైబర్‌పంక్ 2077’ కోసం ప్రపంచమంతా ఏళ్ల తరబడి ఎదురుచూసింది. తీరా వచ్చాక పాత కన్సోళ్ల మీద ఎంత అధ్వానంగా నడిచిందంటే, వారం తిరగ్గానే సోనీ తన స్టోర్ నుంచి తీసేసి డబ్బు వాపసు ఇచ్చింది. మళ్లీ అమ్మకానికి పెట్టింది 2021 జూన్‌లో. ఆ తర్వాత వచ్చిన మరమ్మతులతో అదే ఆట ఎంతోమందికి ఇష్టమైనదిగా మారింది. ఓపిక పట్టినవాళ్లకు తక్కువ ధరకు, తప్పులు సరిచేసిన ఆట దొరికింది. ఒక ఏడాది ఆలస్యంగా ఆడితే ఉన్న గ్రాఫిక్స్ కార్డే ఇంకో ఏడాది సరిపోతుంది.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. యూబీసాఫ్ట్ ‘ది క్రూ’ అనే కార్ల పందెం ఆటను 2024 మార్చి 31న సర్వర్లతో సహా ఆపేసింది. డబ్బు పెట్టి కొన్నవాళ్లు కూడా ఇక ఆడలేరు. ఆ కోపంలోంచే రాస్ స్కాట్ అనే యూట్యూబర్ ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం మొదలుపెట్టారు. ఐరోపాలో దానికి 2025 జులైకల్లా పది లక్షల సంతకాలు దాటాయి. డిజిటల్‌గా అమ్మేది లైసెన్సు మాత్రమేనని కొనేవాళ్లకు స్పష్టంగా చెప్పాలంటూ కాలిఫోర్నియా చేసిన చట్టం 2025 జనవరి నుంచి అమల్లో ఉంది.

అందుకే కన్సోల్ కొంటానన్న ప్రతి ఇంటికీ డిస్క్ పట్టేదే తీసుకోమని చెబుతాను. మా అపార్ట్‌మెంట్‌లో నలుగురు పిల్లలు తలా ఒక డిస్క్ కొని మార్చుకుంటారు. పూర్తయ్యాక అమ్మేసి, ఆ డబ్బుకు కొంత కలిపి ఇంకోటి తెచ్చుకుంటారు. డౌన్‌లోడ్ చేసిన ఆటతో ఆ సౌకర్యం లేదు. ‘పాతబడితే కన్సోల్ ధర తగ్గుతుంది’ అన్న పాత లెక్క కూడా ఇప్పుడు నమ్మలేం. మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న డిస్క్ ఉన్న పీఎస్5 రూ.49,990కి వచ్చింది. రెండేళ్లు నిండకముందే, 2022 నవంబరులో అది రూ.54,990 అయింది.

పీసీలో ఆడేవాళ్లు ఆటలు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ ‘స్టీమ్’ వాపసు నిబంధన గుర్తుంచుకోండి. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకు మించి ఆడకుండా ఉంటే డబ్బు తిరిగిస్తారు. మీ కంప్యూటర్ మీద ఆట సరిగా నడుస్తుందో లేదో తేల్చుకోవడానికి ఆ రెండు గంటలు చాలు. అందుకే కొన్న వెంటనే ఆడి చూడండి.

■ బాక్స్: చేతులు మారిన ఫోన్, సముద్రం దాటిన ల్యాప్‌టాప్

• సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేముందు *#06# నొక్కి ఐఎంఈఐ నంబరు చూడండి. దాన్ని కేంద్ర ప్రభుత్వ ‘సంచార్ సాథీ’లో సరిచూస్తే దొంగిలించినదిగా నమోదైందేమో తెలిసిపోతుంది.
• అమెరికాలో ఉన్న పిల్లలు ఐఫోన్ పంపుతామంటే ఒక మాట: ఐఫోన్ 14 నుంచి అక్కడ అమ్మే మోడళ్లలో సిమ్ పెట్టే చోటే లేదు. ఈ-సిమ్ ఒక్కటే దారి. ఫోన్ మార్చినప్పుడల్లా సిమ్ తీసి వేసుకునే పెద్దవాళ్లకు ఇబ్బంది.
• విదేశం నుంచి వచ్చే పెద్దలు ఒక ల్యాప్‌టాప్‌ను సుంకం లేకుండా వెంట తెచ్చుకోవచ్చు. వారంటీ మన దేశంలో చెల్లుతుందో లేదో కొనకముందే కనుక్కోవాలి.

బాగు చేసుకోనివ్వండి!

కోఠి గుజరాతీ గల్లీలో, అబిడ్స్ జగదీశ్ మార్కెట్లో కూర్చుని పనిచేసే మెకానిక్‌లను ఓ గంట చూడండి. భూతద్దం కింద ఆవగింజంత కెపాసిటర్‌ను పట్టకారుతో తీసి, ఇంకోటి అంటిస్తారు. చచ్చిందనుకున్న బోర్డులో దీపం వెలుగుతుంది. వాళ్లలో ఒకాయన ఓసారి రెండు ల్యాప్‌టాప్‌లు తెరిచి పక్కపక్కన పెట్టి చూపించారు. రెండిట్లోనూ బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్‌ను పైకి నెట్టింది. మొదటిదానికి కొన్ని స్క్రూలు విప్పితే బ్యాటరీ బయటికొచ్చింది, పావుగంటలో పని అయిపోయింది. రెండోదాంట్లో బ్యాటరీని జిగురుతో అంటించారు. ఉబ్బిన లిథియం బ్యాటరీని పొడవకుండా ఊడదీయడం ప్రమాదం. కొత్త బ్యాటరీ కంపెనీ బయట అమ్మదు. “పార్ట్ దొరకదు సాబ్, లేకుంటే చేసేవాణ్నే” అన్నారాయన. నిక్షేపంలాంటి ప్రాసెసర్, తెర, కీబోర్డు... అన్నీ కలిపి చెత్తలోకి.

ఫోన్లలో కాస్త మార్పు కనిపిస్తోంది. 2023లో పిక్సెల్ 8కి గూగుల్, 2024లో గెలాక్సీ ఎస్24కి శాంసంగ్ ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని ప్రకటించాయి. 2025 జూన్ నుంచి ఐరోపాలో అమ్మే ఫోన్ల బ్యాటరీ 800 సార్లు ఛార్జ్ చేశాక కూడా కనీసం 80 శాతం సామర్థ్యం నిలబెట్టుకోవాలి. మరమ్మతు ఎంత తేలికో లేబుల్ మీద ముద్రించాలి. ఫ్రాన్స్ 2021లోనే ఫోన్లకు, ల్యాప్‌టాప్‌లకు పదికి ఎన్ని అంటూ మరమ్మతు మార్కులు పెట్టింది.

మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ తెరిచింది. విడిభాగాలు, సర్వీస్ సెంటర్లు, వారంటీ వివరాలను కంపెనీలు ఒకేచోట పెట్టాలన్నది ఉద్దేశం. మరమ్మతు సూచీ ఎలా ఉండాలో తేల్చడానికి 2024లో వేసిన కమిటీ 2025లో నివేదిక ఇచ్చింది. ఆ సూచీ పెట్టె మీద ముద్రగా మారాలి.

ఫ్రిజ్ కొనడానికి వెళ్లి ‘ఎన్ని స్టార్లు?’ అని అడగడం 2006కు ముందు మన అలవాటు కాదు. స్టార్ లేబుల్ వచ్చింది, కరెంటు బిల్లుతో ముడిపడింది, ఇవాళ ఆ సంగతి ఇల్లాలికీ తెలుసు, షాపు కుర్రాడికీ తెలుసు. తక్కువ స్టార్ల ఫ్రిజ్‌ను అమ్మడానికి కంపెనీలే సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తోంది. ల్యాప్‌టాప్‌కు, ఫోన్‌కు, కన్సోల్‌కు కూడా ఆ రోజు రావాలి. చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. రేపు కౌంటర్ దగ్గర ధర అడిగేముందు ‘ఎన్నేళ్లు వస్తుంది, పాడైతే పార్టు దొరుకుతుందా?’ అని అడగండి. పక్కవాళ్లనూ అడగమనండి. పదిమంది అడిగితే షాపువాడు కంపెనీని అడుగుతాడు. లక్షమంది అడిగితే కంపెనీ జవాబును పెట్టె మీదే రాస్తుంది.